గాలికి గట్టు

పాఠ్యప్రవేశం: ప్రకృతి శక్తులను మానవుడు సృష్టింపజాలడు, వాటికి దారి మాత్రం చూపగలడు. నీటికి దారి చూపే సేద్యగాని నేర్పునకూ, గాలికి దారి చూపే విమాన నిర్మాత నేర్పునకూ గల సామ్యాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

తెనాలికి చేరువనున్న అంగలకుదురు కృష్ణా పశ్చిమ డెల్టాలోని గ్రామం. ప్రకాశం బ్యారేజి నుండి బయలుదేరిన నీరు ప్రధాన కాలువ నుండి పంట కాలువకు, పంట కాలువ నుండి బోదెకు, బోదె నుండి మడికి చేరితేనే ఈ ప్రాంతంలో వరి పండుతుంది. నీరు తనంతట తానుగా మడిని వెదకుకొంటూ పోదు. అడ్డు తక్కువగా ఉన్న వైపునకే ప్రవహిస్తుంది. ఎండ్రకాయ తొలిచిన చిన్న బొరియ గండిగా మారితే, కాలువ నిండుగా పారుతున్నా చివరి చేను నెర్రెలిస్తుంది. వివేకి అయిన రైతు ఎగువ నుండి ఎక్కువ నీరు వదలమని కోరడు. ముందుగా గండి పూడుస్తాడు. గాలి స్వభావం కూడా ఇటువంటిదే. చిన్న విమానపు ఇంజను మనుగడ ఈ ఒక్క సూత్రంపై ఆధారపడి ఉంది.

ఇంజనులో మండిన ఇంధనం నుండి పుట్టే శక్తిలో సుమారు మూడోవంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలిన వేడిలో చాలా భాగం పొగగొట్టం గుండా పోతుంది. తక్కినది సిలిండర్ల లోహానికి పడుతుంది. ఆ వేడిని గాలికి అప్పగించడానికే సిలిండరు చుట్టూ పలుచని లోహపు పొరలను ఏర్పాటు చేస్తారు. వీటినే ఫిన్లు అంటారు. మోటారు సైకిలు ఇంజను బయలుగా ఉంటుంది కనుక ఎదురుగాలి నేరుగా తగులుతుంది. పాతకాలపు స్కూటరు ఇంజను పక్కడొప్ప చాటున ఉండేది కనుక, దానికి ఒక ఫ్యానూ, ఆ గాలిని సిలిండరు వద్దకు చేర్చే రేకుతొడుగూ అవసరమయ్యాయి.

విమాన చరిత్ర తొలినాళ్లలోనే ఈ సమస్య తలెత్తింది. 1909 జూలై 25న లూయీ బ్లేరియో ఇంగ్లీషు చానలును దాటిన విమానానికి మూడు సిలిండర్ల అంజానీ ఇంజను ఉండేది. దానిని చల్లబరచేది గాలియే. మార్గమధ్యంలో కురిసిన జల్లు వేడెక్కిన ఆ ఇంజనును కాపాడిందని చెప్పుకొంటారు. కాని ప్రతి ప్రయాణానికీ వాన తోడు రాదు గదా! 1920వ దశకం చివర అమెరికా శాస్త్రజ్ఞులు ఇంజనుకు తగిన తొడుగు వేసి, లోపలి గాలిని క్రమంగా నడిపిస్తే గాలి నిరోధం తగ్గుతుందనీ, ఇంజను కూడా చల్లబడుతుందనీ నిరూపించారు.

నేటి చిన్న విమానాలలో విరివిగా కనిపించే లైకమింగ్ ఓ-320 వంటి ఇంజనులో నాలుగు సిలిండర్లు ఇరువైపులా పడుకొని ఉంటాయి. ముందున్న రెండు రంధ్రాల గుండా ప్రవేశించిన గాలి ఇంజనుపై భాగంలో ఒత్తిడితో నిలుస్తుంది. క్రింది భాగంలో ఒత్తిడి తక్కువ. ఈ వ్యత్యాసం వలననే గాలి ఫిన్ల సందులలో నుండి క్రిందికి దిగి, వెనుకనుండి వెలుపలికి పోతుంది. పైభాగానికీ క్రిందిభాగానికీ నడుమ గట్టువలె నిలిచే అల్యూమినియం రేకులే బాఫిళ్లు. రేకుకూ తొడుగుకూ మధ్య మిగిలిన సందును సిలికాన్ రబ్బరు పట్టీలు మూస్తాయి. పట్టీ ఒత్తిడి ఉన్న వైపునకు, అనగా లోపలికి వంగి ఉండాలి. అప్పుడు గాలియే దానిని తొడుగుకు అదిమి పెడుతుంది. వెలుపలికి వంగితే అదే గాలి దానిని తెరచి పారిపోతుంది.

స్వయంగా విమానం నిర్మించుకొనే అభిరుచి అమెరికాలో విశేషంగా వ్యాపించింది. ఇట్టివారి సంఘం అక్కడ 1953లో ఏర్పడింది. గృహనిర్మాతల కోసం వారీజ్ అనే విమానాన్ని రూపొందించిన బర్ట్ రుటానే తరువాత స్పేస్‌షిప్ వన్‌ను రూపొందించాడు. ఆ పరంపరకు చెందిన యూనిటీ వాహనంలోనే పసితనంలో కొంతకాలం తెనాలిలో గడిపిన బండ్ల శిరీష 2021 జూలై 11న అంతరిక్షపు అంచులను చూసివచ్చింది.

బాఫిళ్లు శాశ్వతం కావు. ఇంజను కంపనానికి రేకులు పగులుతాయి. వేడికి రబ్బరు బిరుసెక్కుతుంది. ఒక సిలిండరు మాత్రమే తక్కిన వాటికంటె ఎక్కువగా వేడెక్కడం ఒక సూచన. చీకటిలో తొడుగు లోపల దీపం ఉంచి చూస్తే, వెలుగు తొంగిచూసిన చోటల్లా గాలి కారుతున్నట్లే. ఇట్టి సమయంలో ముందరి రంధ్రాలను పెద్దవి చేయాలనిపించడం సహజం. కాని గండి ఉండగా నీరు పెంచితే వృథా పెరిగినట్లు, ఇక్కడ గాలి నిరోధమే పెరుగుతుంది.

చిన్న సందును వేడికి తట్టుకొనే సీలెంటుతో పూడ్చవచ్చు. పగుళ్లు బలిసిన రేకును మాత్రం మార్చడమే శ్రేయస్కరం. పాత రేకును పారవేయక, దాని ఆధారంగా ముందు అట్టముక్కను కత్తిరించి అమర్చి చూడాలి. సరిపోయిన పిమ్మటనే కొత్త రేకును కోయాలి. అంచులను ఆకురాయితో నునుపు చేయాలి. గరుకు అంచు నుండే మరల పగులు పుడుతుంది. రబ్బరు దిమ్మెలపై నిలిచిన ఇంజను కదులుతుంది కనుక రేకు తొడుగును తాకరాదు. సుమారు ఒక సెంటీమీటరు ఎడం ఉండాలి. సిలిండర్ల అడుగునుండే చిన్న రేకులను మరువరాదు. అవి లేనిచో గాలి ఫిన్లను చుట్టిరాక పైపైనే జారిపోతుంది.

పని ముగిసిన పిదప నేలపై ఇంజనును కొద్దిసేపే నడపాలి. ఎదురుగాలి లేని ఇంజను త్వరగా వేడెక్కుతుంది. పిమ్మట తొలి ప్రయాణంలో నాలుగు సిలిండర్ల ఉష్ణోగ్రతలనూ గమనించాలి. ఇట్టి ఇంజనులో సిలిండరు తల వేడిమికి గరిష్ఠ పరిమితి 260 డిగ్రీల సెల్సియస్. దీర్ఘకాలం మన్నాలంటే సుమారు 225 డిగ్రీలు మించకుండుట మేలు. అంతకు మించిన వేడిలో అల్యూమినియం బలం సన్నగిల్లుతుంది. ఆకాశంలో ఇంజను ఆగిపోతే బండివలె రోడ్డు పక్కన నిలుపుకొనే వీలుండదు.

గృహనిర్మిత విమానంలో రేకు కోసినవాడూ, దానిని నమ్ముకొని ఎగిరేవాడూ తరచు ఒక్కడే. తొడుగు మూసిన తరువాత ఆ పనిని చూసేవారుండరు. అయినా చూడవలసిన వారందరూ చూస్తున్నట్లే పనిచేయడం అతని ధర్మం. పొద్దుగుంకిన వేళ ఒంటరిగా గట్టు తడిమి చూసుకొనే రైతు ధర్మమూ అదే.

పదవిజ్ఞానం
సామ్యం = పోలిక
బోదె = చిన్న కాలువ
నెర్రెలిచ్చు = నీరులేక నేల బీటలువారు
నిరోధం = అడ్డగింత
శ్రేయస్కరం = మేలు కలిగించేది

ప్రశ్నలు
1. మడికి నీరు చేరడానికీ, సిలిండరుకు గాలి చేరడానికీ గల పోలికలను వివరించండి.
2. రబ్బరు పట్టీ లోపలికే ఎందుకు వంగి ఉండాలి?
3. ముందరి రంధ్రాలను పెద్దవి చేయడం సమస్యకు పరిష్కారం ఎందుకు కాదు?