ఈకల ఈగ – చన్నీటి చేప

గోదావరి ఒడ్డున గాలానికి ఎర వానపాము. కాశ్మీరు ఏటి ఒడ్డున ట్రౌట్ చేపకు వేసే ఎర ఉత్తుత్తి ఈగ: గాలానికి ఈకలు, దారం చుట్టి చేసినది. దీన్నే ఫ్లై ఫిషింగ్ అంటారు.

బరువులేని ఈగ అంత దూరం ఎలా పోతుంది? మామూలు గాలంలో సీసపుగుండు తాడును లాక్కుపోతుంది. ఇక్కడ బరువైన తాడే ఈగను మోసుకుపోతుంది.

మరి ట్రౌట్ గోదావరిలో ఎందుకు లేదు? లీటరు నీటిలో 10 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పైగా ఆ వేడిని ట్రౌట్ తట్టుకోలేదు.

అందుచేత ముందు నీటిలో థర్మామీటరు ముంచి చూడాలి. 20 డిగ్రీలు దాటితే, పట్టి వదిలేసిన చేప కూడా తేరుకోవడం కష్టం. ఆ పూట గాలం చుట్టేసి ఇంటికి పోవడమే ధర్మం.