అమెరికా మేజర్ లీగ్ సాకర్‌లో లిథువేనియా ఫార్వర్డ్: ఎడ్గారస్ యాంకౌస్కాస్ – అవగాహన

నేపథ్యం

బాల్టిక్ తీర దేశమైన లిథువేనియా 1990 మార్చి 11న సోవియట్ యూనియన్ నుంచి స్వాతంత్ర్యాన్ని ప్రకటించుకుంది. ఆ దేశంలో అత్యంత ప్రజాదరణ గల క్రీడ బాస్కెట్‌బాల్. లిథువేనియా పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఇప్పటివరకు ప్రపంచ కప్‌కు గానీ, యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌కు గానీ అర్హత సాధించలేదు. ఈ నేపథ్యం నుంచి వచ్చి యూరప్ క్లబ్ ఫుట్‌బాల్‌లో అత్యున్నత ట్రోఫీ గెలిచిన జట్టులో నిలిచిన ఆటగాడు ఎడ్గారస్ యాంకౌస్కాస్. ఈయన 1975 మార్చి 12న రాజధాని విల్నియస్‌లో జన్మించారు. వృత్తి జీవితపు చివరి దశలో, 2009లో, అమెరికాకు చెందిన న్యూ ఇంగ్లాండ్ రెవల్యూషన్ క్లబ్ తరఫున ఆడారు.

ఫార్వర్డ్ – నిర్వచనం

ప్రత్యర్థి గోల్‌కు సమీపంలో ఆడుతూ, గోల్ సాధించడాన్ని లేదా అందుకు అవకాశం కల్పించడాన్ని ప్రధాన బాధ్యతగా గల ఆటగాడిని ఫార్వర్డ్ అంటారు. స్థానాన్ని బట్టి వీరు ప్రధానంగా రెండు రకాలు.

1. సెంటర్ ఫార్వర్డ్: మైదానం మధ్య భాగంలో గోల్‌కు ఎదురుగా ఆడతారు.
2. వింగర్: మైదానం అంచుల వెంట ఆడుతూ బంతిని లోపలికి అందిస్తారు.

పొడవైన శరీర నిర్మాణం గల యాంకౌస్కాస్ మొదటి రకానికి చెందుతారు. ఎత్తులో వచ్చే బంతిని తలతో ఆడడం, వీపు గోల్‌వైపు ఉంచి బంతిని నిలిపి సహచరులకు అందించడం ఈ రకం ఆటగాళ్ల విధులు. రెండవ విధి గోల్స్ పట్టికలో కనిపించదు. అందువల్ల ఫార్వర్డ్ విలువను గోల్స్ సంఖ్యతో మాత్రమే నిర్ణయించడం శాస్త్రీయం కాదు. ఆడిన లీగ్ స్థాయి, జట్టు సాధించిన ఫలితాలు, ఒప్పంద స్వభావం అనే మూడు ప్రమాణాలను కూడా పరిగణించాలి.

వృత్తి జీవిత దశలు

తొలి దశ: విల్నియస్‌లోని జాల్గిరిస్ క్లబ్‌తో ఆరంభమైంది. తరువాత రష్యాలో సీఎస్‌కేఏ మాస్కో, టార్పెడో క్లబ్‌లకు ఆడారు.

ఎదుగుదల దశ: బెల్జియంలోని క్లబ్ బ్రూగ్‌లో చేరి 1997–98 సీజన్ లీగ్ టైటిల్ గెలిచిన జట్టులో సభ్యుడయ్యారు. 2000లో స్పెయిన్‌లోని రియల్ సొసియెదాద్‌కు మారారు. 2002లో అరువు ఒప్పందంపై పోర్చుగల్‌లోని బెన్ఫికాకు ఆడారు. ఆటగాడి హక్కులు పాత క్లబ్ వద్దే ఉంటూ, నిర్ణీత కాలం మరో క్లబ్‌కు ఆడే ఏర్పాటును అరువు ఒప్పందం అంటారు.

శిఖర దశ: 2002లో పోర్టో క్లబ్‌లో చేరారు. శిక్షకుడు జోసె మొరీనియో. 2002–03లో పోర్టో పోర్చుగల్ లీగ్, పోర్చుగల్ కప్, యూఈఎఫ్ఏ కప్ అనే మూడు ట్రోఫీలు గెలిచింది. 2003 మే 21న సెవిల్‌లో జరిగిన యూఈఎఫ్ఏ కప్ ఫైనల్‌లో అదనపు సమయంలో సెల్టిక్‌ను 3–2తో ఓడించింది. 2004 మే 26న జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌లో మొనాకోపై 3–0తో నెగ్గి ఛాంపియన్స్ లీగ్ సాధించింది. ఈ విజేత జట్టు సభ్యుడిగా యాంకౌస్కాస్ ఛాంపియన్స్ లీగ్ గెలిచిన తొలి లిథువేనియన్‌గా నిలిచారు.

మలి దశ: మొరీనియో 2004లో చెల్సీకి వెళ్లారు. యాంకౌస్కాస్ 2004–05లో ఫ్రాన్స్‌లోని నీస్‌కు అరువుపై ఆడి, 2005లో స్కాట్లాండ్‌లోని హార్ట్స్‌కు చేరారు. అప్పటి క్లబ్ యజమాని లిథువేనియాలో స్థిరపడిన వ్యాపారి వ్లాదిమిర్ రొమనోవ్. 2006 మే 13న గ్రెట్నాతో 1–1గా ముగిసిన స్కాటిష్ కప్ ఫైనల్‌ను హార్ట్స్ పెనాల్టీలలో 4–2తో గెలిచింది. అనంతరం సైప్రస్‌లోని ఏఈకే లార్నాకాకు ఆడారు.

అమెరికా దశ – 2009

న్యూ ఇంగ్లాండ్ రెవల్యూషన్ సొంత మైదానం మసాచుసెట్స్ రాష్ట్రం ఫాక్స్‌బరోలోని జిల్లెట్ స్టేడియం. 1996లో మేజర్ లీగ్ సాకర్ తొలి సీజన్‌లో పాల్గొన్న 10 క్లబ్‌లలో ఇది ఒకటి. 2009లో లీగ్‌లో 15 క్లబ్‌లు ఉన్నాయి. అప్పటి శిక్షకుడు లివర్‌పూల్ మాజీ ఆటగాడు స్టీవ్ నికోల్. యాంకౌస్కాస్ 34 ఏళ్ల వయసులో ఈ జట్టుకు ఆడారు.

మేజర్ లీగ్ సాకర్ – లక్షణాలు

• 1994 ప్రపంచ కప్ ఆతిథ్యం పొందేందుకు అమెరికా ఇచ్చిన హామీ ఫలితంగా 1993లో ఏర్పడింది.
• ఏక సంస్థ విధానం: ఆటగాళ్ల ఒప్పందాలు క్లబ్‌లతో కాక లీగ్‌తోనే ఉంటాయి.
• జట్టు మొత్తం వేతనాలపై గరిష్ఠ పరిమితి ఉంటుంది. 2007లో డేవిడ్ బెక్‌హామ్ రాకతో ఈ పరిమితికి మినహాయింపు నిబంధన అమలైంది.
• దిగువ స్థానంలో నిలిచిన జట్టు కింది డివిజన్‌కు పడిపోదు. యూరప్ లీగ్‌లతో ప్రధాన భేదం ఇదే.

తులనాత్మక అంశం: సునీల్ ఛెత్రి

తెలుగు రాష్ట్రాల అభ్యర్థులు ఇదే లీగ్‌కు సంబంధించి గుర్తుంచుకోవలసిన పేరు సునీల్ ఛెత్రి. ఈ భారత ఫార్వర్డ్ 1984 ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో జన్మించారు. 2009లో ఇంగ్లాండ్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఎంపిక చేసుకున్నా, ఫిఫా ర్యాంకింగ్‌లో భారత్ తొలి 70 స్థానాలలో లేనందున బ్రిటన్ పని అనుమతి లభించలేదు. 2010లో కాన్సాస్ సిటీ విజార్డ్స్‌లో చేరారు. 2010 ఏప్రిల్‌లో కొలరాడో రాపిడ్స్‌తో యూఎస్ ఓపెన్ కప్ మ్యాచ్ ఆడారు కానీ, లీగ్ మ్యాచ్ అవకాశం రాలేదు. ఈయనకు అర్జున (2011), పద్మశ్రీ (2019), ఖేల్‌రత్న (2021) పురస్కారాలు లభించాయి.

యాంకౌస్కాస్ యూరప్ ట్రోఫీలు గెలిచాక, 34 ఏళ్లకు అమెరికా లీగ్‌కు వచ్చారు. ఛెత్రి 25 ఏళ్లకే ఎదుగుదల కోసం వచ్చారు. ఒకే లీగ్ ఒకరికి ముగింపు దశ, మరొకరికి ప్రవేశ ప్రయత్నం. ఆటగాడి ప్రతిభతోపాటు దేశపు ర్యాంకు, వీసా నిబంధనలు కూడా విదేశీ అవకాశాలను నిర్ణయిస్తాయనడానికి ఛెత్రి అనుభవం స్పష్టమైన నిదర్శనం.

ప్రాముఖ్యత

• జాతీయ జట్టు తరఫున యాంకౌస్కాస్ 56 మ్యాచ్‌లలో 10 గోల్స్ సాధించారు.
• 2016–2018 మధ్య లిథువేనియా జాతీయ జట్టు శిక్షకుడిగా పనిచేసి, 2023లో మళ్లీ ఆ బాధ్యత స్వీకరించారు.
• ప్రపంచ కప్ ఎరుగని చిన్న దేశపు ఆటగాడు కూడా క్లబ్ వ్యవస్థ ద్వారా అగ్రస్థాయికి చేరగలడని ఈయన ప్రస్థానం నిరూపించింది.

పొరబడే అంశాలు

• జాల్గిరిస్ విల్నియస్ ఫుట్‌బాల్ క్లబ్. జాల్గిరిస్ కౌనస్ బాస్కెట్‌బాల్ క్లబ్.
• పోర్టో 2003లో గెలిచింది యూఈఎఫ్ఏ కప్. 2004లో గెలిచింది ఛాంపియన్స్ లీగ్. యూఈఎఫ్ఏ కప్‌నే 2009–10 నుంచి యూరోపా లీగ్‌గా పిలుస్తున్నారు.
• ఛెత్రి చేరిన విజార్డ్స్ క్లబ్ పేరు 2010 నవంబరులో స్పోర్టింగ్ కాన్సాస్ సిటీగా మారింది.
• యాంకౌస్కాస్ అమెరికా క్లబ్ న్యూ ఇంగ్లాండ్ (2009). ఛెత్రి అమెరికా క్లబ్ కాన్సాస్ సిటీ (2010).