ఫోన్ ఫ్రేమ్ రంగు వెనక ఉన్న చిల్లర్: కరీంనగర్ ఎండలో ఒక లెక్క

ఫోన్ రివ్యూల్లో "అనోడైజ్డ్ అల్యూమినియం ఫ్రేమ్" అని మనం తరచూ చదువుతాం. ఆ ఫినిష్ గట్టిగా రావాలంటే ఎంత కూలింగ్ కావాలో నాకూ మొన్నటిదాకా తెలీదు. కరీంనగర్‌లో అల్యూమినియం కిటికీలు చేసే మా బావ సొంతంగా అనోడైజింగ్ తొట్టి పెడదామనుకున్నాడు. "చిల్లర్‌కు అన్ని పైసలెందుకురా, కూలింగ్ టవర్ పెడితే అయితది గదా?" అని ఫోన్ చేశాడు. సరే, లెక్క వేద్దాం అన్నాను.

ముందు తొట్టిలో ఏం జరుగుతుందో చూద్దాం. సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో అల్యూమినియాన్ని ముంచి, డీసీ కరెంట్ ప్లస్‌కు కలుపుతారు. దాని మీద ఆక్సైడ్ పొర పెరుగుతుంది. అదే టైమ్‌లో యాసిడ్ ఆ పొరను కొంచెం కొంచెం కరిగిస్తుంటుంది. తొట్టి 20 డిగ్రీల దగ్గర ఉంటే పొర బాగా పెరుగుతుంది. వేడెక్కితే కరగడం ఎక్కువై, పొర మెత్తబడి పొడిలా రాలుతుంది. హార్డ్ అనోడైజింగ్‌కైతే 0 నుంచి 5 డిగ్రీలే ఉండాలి.

ఇప్పుడు వేడి సంగతి. 1000 ఆంపియర్లు, 16 వోల్టులు అంటే 16 కిలోవాట్లు. ఇది దాదాపు అంతా వేడిగా యాసిడ్‌లోకే పోతుంది. రసాయన చర్యలో పుట్టే వేడి అదనం. ఒక టన్ను కూలింగ్ అంటే సుమారు 3.5 కిలోవాట్లు. కాబట్టి కనీసం 5 టన్నులు కావాలి. ఇంట్లో పెట్టే 1.5 టన్నుల ఏసీలు మూడు పెట్టినా చాలదు!

మరి టవర్? అది మన ఎండాకాలం కూలర్‌కు పెద్దన్న. నీళ్లు ఆవిరవుతూ చల్లబడతాయి, కానీ దానికో హద్దుంది: తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించే వెట్ బల్బ్ టెంపరేచర్. మే నెలలో 45 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉంటే అది దాదాపు 25. టవర్ నీళ్లు అంతకంటే చల్లబడవు, తొట్టికేమో 20 కావాలి. ఆదిలాబాద్ చలికాలం రాత్రుల్లో మాత్రం టవర్ ఒక్కటే పని కానివ్వొచ్చు. కానీ బావకు పని ఏడాదంతా ఉంటుంది.

అందుకే టవర్ వద్దనలేదు, దాని చోటు మార్చమన్నాను. తొట్టిని చిల్లర్ చల్లబరుస్తుంది, చిల్లర్ వేడిని టవర్ బయటికి పంపుతుంది. యాసిడ్ తగిలే చోట టైటానియం హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉండాలి. గాలితో చల్లబడే చిల్లర్ కొనాలనుకుంటే ఇంకో జాగ్రత్త: కేటలాగ్‌లో టన్నులు సాధారణంగా 35 డిగ్రీల గాలికి రాస్తారు. మన దగ్గర 45కు ఎన్ని టన్నులు ఇస్తుందో అడిగాకే అడ్వాన్స్ ఇవ్వాలి.

బావ టవర్ ఆర్డర్ ఆపి, ఇప్పుడు చిల్లర్ కొటేషన్లు తెప్పిస్తున్నాడు.