బాకీ అడగడంలోనూ మర్యాద

వ్యాపారంలో సరుకు అమ్మడం ఒక ఎత్తు, దాని సొమ్ము చేతికి రావడం మరో ఎత్తు. చిన్న వ్యాపారం చేసుకునే మన సోదరులకు ఈ సంగతి బాగా తెలుసు.

దర్జీ షాపు నడిపే ఒక సోదరుడు ఒక ప్రైవేటు పాఠశాలకు యూనిఫారాలు కుట్టి ఇచ్చాడనుకుందాం. బిల్లు 62,000 రూపాయలు. నెల రోజుల్లో ఇస్తామన్నవారు మూడు నెలలైనా ఇవ్వలేదు. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది ఆర్డరు పోతుందేమోనని భయం. అడగకపోతే బట్టల కొట్టుకు ఏం కట్టాలి? పనివాళ్ళకు కూలి ఎక్కడి నుంచి తేవాలి? ఇలాంటప్పుడు కొందరు మొహమాటంతో నోరు మూసుకొని వడ్డీకి అప్పు తెస్తారు. మరికొందరు ఓపిక నశించి పదిమందిలో నిలదీసి గొడవకు దిగుతారు. ఈ రెండు మార్గాలూ విశ్వాసికి తగినవి కావు. ఇస్లాం ఈ రెంటికీ మధ్య మేలైన మార్గం చూపింది.

అడగడం తప్పు కాదు

ఒకసారి ఒక వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, తనకు రావలసిన ఒంటె కోసం కటువుగా మాట్లాడాడు. సహాబాలకు ఆగ్రహం వచ్చింది. కాని దైవప్రవక్త (స) వారిని వారించారు. హక్కు ఉన్నవాడికి మాట్లాడే అధికారం కూడా ఉంటుందని తెలియజేసి, అతనికి రావలసిన దానికంటే మేలైన ఒంటెను ఇప్పించారు. ఈ సంఘటనను హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు.

కనుక మన కష్టార్జితాన్ని అడగడానికి సిగ్గుపడనవసరం లేదు. పైగా ఆ సొమ్ములో ఇతరుల హక్కు కూడా ఉంటుంది. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి ఇచ్చివేయాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. మన మొహమాటం వల్ల పనివాని ఇంట్లో పొయ్యి వెలగకపోతే, దాన్ని మంచితనం అనలేం.

అడగడం హక్కు అయినప్పటికీ మృదువుగా అడగడం సుగుణం. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, తన బాకీ అడిగేటప్పుడు సౌమ్యంగా మెలిగే వ్యక్తిని అల్లాహ్ కరుణించాలని దైవప్రవక్త (స) ప్రార్థించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంలో ఉంది.

ముందే రాసుకోవాలి

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అప్పును రాసుకోవడం గురించే (2:282). గడువు పెట్టుకున్న బాకీని, అది చిన్నదైనా పెద్దదైనా, గడువుతో సహా రాసుకోవాలని అందులో ఆదేశం ఉంది. 'మనవాడే కదా, రాయడమెందుకు?' అనుకోవడం వల్లే చాలా స్నేహాలు చెడుతున్నాయి. ఆర్డరు తీసుకున్న రోజే ధర, అడ్వాన్సు, మిగతా సొమ్ము ఇవ్వవలసిన తేదీ రాసి సంతకం తీసుకోవాలి. సరుకు ఇచ్చినప్పుడు ముట్టినట్లు మరో సంతకం తీసుకోవాలి. దీన్ని అపనమ్మకంగా భావించకూడదు. ఇది ఇద్దరికీ రక్షణ.

గడువుకు నాలుగు రోజుల ముందు ఒకసారి గుర్తుచేయడం మంచిది. గడువు దాటితే కోపం కనపడని మాటల్లో ఇలా రాయవచ్చు: 'సార్, జూన్ 10న ఇచ్చిన యూనిఫారాల బిల్లు 62,000 రూపాయలు జూలై 10లోగా రావలసి ఉంది. ఏ రోజు రమ్మంటారో చెబితే ఆ రోజు వస్తాను.' ఇందులో నింద లేదు, ప్రాధేయపడటమూ లేదు. లెక్క ఉంది, తేదీ ఉంది, జవాబు చెప్పవలసిన ప్రశ్న ఉంది.

ఇవ్వలేనివాడు, ఇవ్వనివాడు

జవాబు వచ్చాక మనం తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఒకటుంది. అతను ఇవ్వలేకపోతున్నాడా, ఇవ్వగలిగి కూడా ఇవ్వడం లేదా? ఇద్దరితోనూ ఒకే తీరుగా వ్యవహరించడం న్యాయం కాదు.

ఇబ్బందిలో ఉన్నవాడికి వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే అది మనకు మరింత శ్రేయస్కరమని ఖుర్ఆన్ బోధించింది (2:280). హజ్రత్ అబూ ఖతాదా (రజి)కు బాకీపడిన ఒక వ్యక్తి ఆయనకు కనపడకుండా తప్పించుకు తిరిగేవాడు. చివరికి దొరికినప్పుడు, తాను ఇబ్బందిలో ఉన్నానని ప్రమాణం చేసి చెప్పాడు. అప్పుడు అబూ ఖతాదా (రజి), ప్రళయ దినాన కష్టాల నుంచి బయటపడాలని కోరుకునేవారు ఇబ్బందిలో ఉన్నవాడికి గడువివ్వాలి లేదా మాఫీ చేయాలి అన్న ప్రవక్త (స) బోధనను గుర్తుచేసుకున్నారు. ఒకేసారి కట్టలేనివాడికి నెలకు ఇంత అని వాయిదాలు కట్టుకునే వీలు కల్పించడం కూడా ఈ కోవలోకే వస్తుంది.

ఇక స్తోమత ఉండి కూడా నేడు రేపు అంటూ తిప్పించుకోవడాన్ని దైవప్రవక్త (స) అన్యాయంగా, దౌర్జన్యంగా పేర్కొన్నారు. అలాంటివాడి పట్ల మౌనం వహిస్తే అతని అన్యాయానికి ఊతమిచ్చినట్లే. ముందు ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని మధ్యవర్తిగా పెట్టాలి. మస్జిదె నబవీలో హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి), ఇబ్ను అబీ హద్రద్ (రజి) బాకీ విషయమై గొంతులు పెంచినప్పుడు, దైవప్రవక్త (స) తమ గది తెర తొలగించి, సగం వదులుకోమని కాబ్ (రజి)కు సైగ చేశారు. ఆయన ఒప్పుకోగానే, లేచి మిగతాది చెల్లించమని రెండో వారిని ఆదేశించారు. తగ్గించుకున్నవాడు ఎదురుచూస్తూ కూర్చోవలసిన పని లేకుండా చేసిన తీర్పు ఇది.

మధ్యవర్తి మాట కూడా వినకపోతే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు. మన దేశంలో 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు సొమ్ము ఒప్పుకున్న గడువులోగా ఇవ్వాలి. ఆ గడువు 45 రోజులకు మించరాదు. లేకుంటే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకునే వీలుంది. తయారీ, సేవా రంగాలలో ఉన్నవారు ఇందుకోసం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందుగానే చేయించుకోవడం మేలు. కోర్టుకు వెళ్ళే గడువు మామూలుగా మూడేళ్ళని కూడా మరువరాదు. ఆ లోపు బాకీదారు బాకీ ఉన్నట్లు సంతకం చేసి రాసిస్తే, ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్కకు వస్తాయి.

దాటకూడని హద్దులు

హక్కు మనదే అయినా ఎదుటివాడి పరువు మన సొత్తు కాదు. పెళ్ళిలోనో జనాజా దగ్గరో నిలదీయడం, భార్యాబిడ్డల ముందు అవమానించడం, వాట్సాప్ గ్రూపుల్లో పేరు పెట్టి ఎగతాళి చేయడం తగదు. న్యాయం చేయగలవారి వద్ద ఫిర్యాదు చేయడం వేరు, వీధిలో పరువు తీయడం వేరు.

మరో హద్దు వడ్డీ. ఆలస్యమయ్యే కొద్దీ బాకీకి పైమొత్తం కలుపుకుంటూ పోతే అది వడ్డీయే. పైన చెప్పిన చట్టంలో చక్రవడ్డీకి వీలుంది. కాని మన హక్కు అసలు వరకే. అలాంటి సొమ్ము చేతికి వస్తే ఏం చేయాలో ధర్మపండితులను అడిగి తెలుసుకోవాలి.

ఒక్కసారి మన లెక్కలు కూడా చూసుకుందాం. మనకు రావలసినవి నోటికి వచ్చినంత తేలికగా, మనం ఇవ్వవలసినవి గుర్తుకు వస్తున్నాయా? అమరవీరుని పాపాలన్నీ క్షమించబడినా అప్పు మాత్రం మిగిలే ఉంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పాఠశాల నుంచి సొమ్ము రాగానే బట్టల కొట్టువాడు, కుట్టు పనివాడు రెండోసారి అడగకముందే వారి ఇంటికి చేర్చాలి. మృదువుగా అడిగేవాడికి, అడిగించుకోకుండా ఇవ్వడం కూడా తెలిసి ఉండాలి.

మన సంపాదనను ధర్మసమ్మతం చేసి, ఇచ్చిపుచ్చుకోవడాల్లో సౌమ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.