ఇంజను విప్పే విద్య

పాఠ్యభాగ ఉద్దేశం: శాస్త్రజ్ఞానం పుస్తకంలోనే కాక పనిముట్టు పట్టిన చేతిలోనూ ఉంటుందని తెలియజేయడం, శ్రమపట్ల గౌరవాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

ఉత్తర తెలంగాణకు లోహంతో గల అనుబంధం ఈనాటిది కాదు. కరీంనగర్, ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతాల పల్లెల్లో శతాబ్దాల క్రితమే కమ్మరులు ఇనుమును కరిగించారు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. కరీంనగర్ పనివారు వెండిని సన్నని తీగెలుగా సాగదీసి నగిషీలు అల్లారు. ఆ హస్తకౌశలానికి నేటి వారసులెవరని ప్రశ్నిస్తే, పట్టణాల శివారు షెడ్లలో నూనె మరకల దుస్తులతో కనిపించే మోటారు మెకానిక్కులను కూడా పేర్కొనక తప్పదు.

కారు ఇంజనును విప్పి బాగుచేయాలంటే మొదట అది పనిచేసే తీరు తెలియాలి. 1876లో జర్మనీకి చెందిన నికోలస్ ఆటో రూపొందించిన నాలుగు ఘాతాల పద్ధతే నేటికీ పెట్రోలు ఇంజన్లకు మూలాధారం. సిలిండరులో పిస్టను కిందికి జరిగినప్పుడు గాలి, ఇంధనం లోపలికి వస్తాయి. పైకి జరిగినప్పుడు అవి నొక్కుకుపోతాయి. నిప్పురవ్వ తగిలి మండిన వాయువు పిస్టనును కిందికి తోస్తుంది. అది తిరిగి పైకి వచ్చేటప్పుడు పొగ వెలుపలికి పోతుంది. ఈ నాలుగింటిలో శక్తినిచ్చేది మూడవది మాత్రమే.

ఏళ్ల తరబడి సాగే ఈ రాపిడికి పిస్టను రింగులు, సిలిండరు గోడలు అరుగుతాయి. అప్పుడు నూనె పైకి పాకి, ఇంధనంతోపాటు మండి, నీలి పొగ వస్తుంది. షెడ్డు భాషలో దీనినే 'ఇంజను బోరుకొచ్చింది' అంటారు. అదేపనిగా తెల్లని పొగ వస్తుంటే హెడ్డు గ్యాస్కెట్టు చెడి నీరు లోపలికి చేరుతున్నదేమోనని, నల్లని పొగ వస్తే ఇంధనం మోతాదు మించినదని అనుమానించాలి. పొగ రంగును చూసి రోగాన్ని ఊహించే మెకానిక్కు, నాడి చూసే వైద్యుని వంటివాడు.

అంబాసిడర్ కారును ఉదాహరణగా తీసుకుందాం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ దాదాపు ఆరు దశాబ్దాలు తయారుచేసిన ఈ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. దాని 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లుంటాయి. చుట్టూ చేయి ఆడేంత చోటుంటుంది కనుక, ఇంటి వాకిట్లో ఇంజను విప్పి నేర్చుకోదలచినవారికి అది అనువైనది.

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే పని ఆరంభించాలి. ముందుగా బ్యాటరీ తీగెలు తొలగించి, నీటిని, నూనెను వేర్వేరు పాత్రలలోకి దించాలి. హెడ్డు బోల్టులను ఒక్కసారిగా విప్పరాదు. అంచుల నుండి మధ్యకు వస్తూ, ఒక్కొక్కదానిని కొద్దికొద్దిగా సడలించాలి. లేనిచో హెడ్డు వంగిపోయే ప్రమాదమున్నది. తీసిన ప్రతి వాల్వును, ప్రతి పుష్‌రాడ్డును అట్టముక్కకు చేసిన రంధ్రాలలో వరుసగా గుచ్చి, సంఖ్య వేయాలి. కనెక్టింగ్ రాడ్డుకు, దాని కింది టోపీకి ఒకే గుర్తు పెట్టాలి. ఒకదాని టోపీ మరొకదానికి అమరదు. విప్పడానికి బలం చాలు. తిరిగి కూర్చడానికి జ్ఞాపకం కావాలి. ఆ జ్ఞాపకాన్ని మనసుకు వదలక, అట్టమీద వ్రాసుకొనేవాడే నిజమైన పనివాడు.

అన్నీ విడదీశాక కొలతల ఘట్టం వస్తుంది. సిలిండరు అంతటా ఒకే తీరుగా అరగదు. పై రింగు వచ్చి ఆగి, వెనుదిరిగే చోట అరుగుదల అధికం. అందువలన పైన, మధ్యన, కింద అడ్డంగానూ నిలువుగానూ కొలవాలి. ఇక్కడ మిల్లీమీటరులో నూరవ వంతుకు కూడా విలువ ఉన్నది. అరుగుదల హద్దు మీరితే సిలిండరును బోరింగు చేయించి, పెద్ద కొలత పిస్టన్లు వేయాలి. ఇది ఇంటివద్ద అయ్యే పని కాదు. తగిన యంత్రాలున్న కార్ఖానాకు పంపాలి. తన చేతికి అందని పనిని గుర్తించడం కూడా నేర్పులో భాగమే.

కూర్పులో క్రమం తలకిందులవుతుంది. హెడ్డు బోల్టులను ఈసారి మధ్య నుండి అంచులకు, నిర్ణీత బలంతో, దఫదఫాలుగా బిగించాలి. కదిలే ప్రతి భాగానికి శుభ్రమైన నూనె పూయాలి. లోపల మిగిలిన చిన్న ఇసుక రేణువు కొత్త బేరింగును కొద్దికాలంలోనే గీతలు పడేలా చేస్తుంది.

జాగ్రత్తలు మరువరాదు. వంద కిలోలకు మించిన ఇంజనును ఇంటి దూలానికి వేలాడదీయరాదు. జాకీ ఒక్కదానినే నమ్మి కారు కిందికి దూరరాదు. మూసిన గదిలో ఇంజను నడిపితే వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. అది ప్రాణాలు తీయగలదు. వాడిన నూనెను మురుగు కాలువలో పోయడం మరొక అపరాధం. ఆ నూనె చివరకు మానేరుకో, గోదావరికో, ఊరి చేదబావికో చేరుతుంది. దానిని డబ్బాలో భద్రపరచి, శుద్ధిచేసే సంస్థలకు చేరేలా అప్పగించాలి.

కిరాయి కారు నడిపి బ్రతికే కుటుంబానికి బండి షెడ్డులో నిలిచిన ప్రతిరోజూ కూలి లేని రోజే. బిగించిన బోల్టు సడలితే, రాత్రివేళ నిర్మల్ ఘాటు దారిలో ఆ బండి ఆగిపోవచ్చు. కనుక మెకానిక్కు చేతిలో ఉన్నది రెంచి మాత్రమే కాదు, ఇతరుల అన్నం, ప్రాణం కూడా. దసరా నాడు మన పనివారు పనిముట్లకు బొట్టుపెట్టి మొక్కుతారు. ఆ మొక్కులోని గౌరవాన్ని ఆ పనిముట్టు పట్టిన చేతికి ఏడాది పొడవునా చూపడమే చదువుకున్నవారి కర్తవ్యం.

అర్థాలు
హస్తకౌశలం = చేతిపనిలో నేర్పు
ఘాతం = పిస్టను ఒక దిశలో చేసే పూర్తి కదలిక
దఫదఫాలుగా = విడతలు విడతలుగా
నగిషీ = సున్నితమైన అలంకారపు పని

ప్రశ్నలు
1. ఇంజను విప్పేటప్పుడు పాటించవలసిన క్రమాన్ని వివరించండి.
2. పొగ రంగును బట్టి ఇంజను దోషాన్ని ఎట్లు గుర్తిస్తారు?
3. 'విప్పడానికి బలం చాలు. తిరిగి కూర్చడానికి జ్ఞాపకం కావాలి' – ఈ వాక్యాన్ని సమర్థించండి.