మట్టి సైన్యమున ఆడపిల్లలు

చీనాదేశపు మట్టి సైనికుల చిత్రమును మా పై తరగతిలో చూపినపుడు ఒక బాలిక లేచి, "ఇందులో ఆడవారు లేరేమండీ?" అని అడిగినది. ఆనాడు ఆమెకు చెప్పిన పాఠమునే కొంత పెంచి తల్లిదండ్రుల కొఱకు ఇచట వ్రాయుచున్నాము.

1974లో సియాన్ నగర సమీపమున కొందఱు రైతులు నూయి త్రవ్వుచుండగా మట్టిబొమ్మల తునకలు బయల్పడినవి. చీనాను మొట్టమొదట ఏకచ్ఛత్రము క్రిందికి తెచ్చిన చిన్ షిహువాంగ్ చక్రవర్తి క్రీ. పూ. 210లో మరణించెను. ఆయన సమాధికి కావలిగా పాతిపెట్టిన సైన్యమది. మొత్తము సుమారు 8000 బొమ్మలుండునని పండితుల అంచనా. ఆనాటి పనివారు తలలను, చేతులను అచ్చులలో ఒత్తి, మొండెములకు అతికి, ముక్కు, మీసము, కొప్పు మొదలగువానిని చేతితో దిద్దిరి. అందుచేత అచ్చులు కొన్నియే యైనను ముఖములు వేర్వేఱుగా కనబడును. వానికి పూసిన రంగులు మాత్రము, త్రవ్వితీసి గాలి సోకగానే పెచ్చులూడి రాలినవి. పంక్తులు తీరి నిలిచినవారందఱును పురుషులే.

ఇంతటి గంభీరమైన సైన్యముతో నేటి శిల్పులు కొందఱు పరిహాసమాడిరి. చీనా చిత్రకారుడు యువే మిన్‌జున్, సైనికుల స్థానమున పండ్లన్నియు బయటపెట్టి నవ్వుచున్న తన రూపమునే వరుసగా నిలిపెను. అది చూచి మేమును నవ్వుకొంటిమి. కాని మా మనస్సును పట్టుకొన్నది ఫ్రెంచి శిల్పి ప్రూన్ నూరీ చేసిన పని.

ఆమె సియాన్ ప్రాంతమునకు పోయి, పాత సైనికుల నకళ్ళు చేసి జీవించు పనివారితో కలిసికొనెను. 8 మంది అనాథ బాలికలను చూచి నిలువెత్తు బొమ్మలు 8 చేసెను. వాని అంగములను మార్చి కూర్చి, ఆ పనివారిచేతనే ముఖములు దిద్దించి, 108 మంది బాలికల సైన్యమును నిలిపెను. (మన జపమాల పూసలును అన్నియే.) మొదటి 8 బొమ్మలను అమ్మగా వచ్చిన సొమ్ము ఆ బాలికల చదువునకు వినియోగమైనది.

బాలికలే ఎందుకు? చీనాలో ఇంటి కొక్క బిడ్డయే యను నియమము చిరకాలము నడచినది. ఆ యొక్కరు కొడుకే కావలెనని కోరినవారు పెక్కురు. గర్భమునందే తెలిసికొను సాధనములు వారికి తోడయ్యెను. 2010 జనాభా లెక్కల నాటికి అచట 100 మంది ఆడశిశువులకు సుమారు 118 మంది మగశిశువులు పుట్టుచుండిరి. ఇది పొరుగువారి దోషమని మనము తృప్తిపడ వీలులేదు. మన దేశమున 2011 లెక్కలలో ఆఱేండ్ల వయస్సు వఱకు గల బాలురు 1000 మందికి బాలికలు 919 మందియే. నూరీ చీనాకు పోకమునుపు మన దేశముననే ఇదే విషయమును ఎత్తుకొని, ఆవును ఆడపిల్లను ఒక్క రూపముగా కలిపిన శిల్పములను వీధులలో నుంచెను. గోపూజ చేయువారు కూతురు పుట్టినపుడు ముఖము చిన్నబుచ్చుకొనుట ఆమెకు వింతగా తోచెను కాబోలు. మాకు మాత్రము సిగ్గు కలిగినది.

ఆ బాలికాసైన్యము షాంఘై, ప్యారిస్, న్యూయార్క్ మొదలగు నగరములు తిరిగి, 2015లో చీనా నేలలోనే పాతిపెట్టబడినది. 2030లో తిరిగి త్రవ్వితీయవలెనని సంకల్పము.

రెండు సైన్యముల చిత్రములును మా గ్రంథాలయమున నుంచితిమి. తల్లిదండ్రులు పిల్లలతోగూడ వచ్చి చూడ ప్రార్థన. భేదమేమో మొదట పిల్లలనే చెప్పనీయుడు.