పిల్లల సైకిల్ హెల్మెట్‌ను ఎంచుకోవడం

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• పిల్లల తలకు సరిపోయే హెల్మెట్‌ను ఎంచుకోగలుగుతారు.
• దాన్ని ఎప్పుడు తీసివేయాలో చెప్పగలుగుతారు.

రాయ్‌పూర్ దేవేంద్రనగర్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. అయిదేళ్ళ పాప సైకిల్ నేర్చుకుంటోంది. "పెరిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దది కొందామండీ" అంటుంది తల్లి. బట్టల విషయంలో ఇది పొదుపే. హెల్మెట్ విషయంలో మాత్రం ప్రమాదం. ఎందుకు?

హెల్మెట్ లోపల థర్మోకోల్ వంటి మందమైన పొర ఉంటుంది. పిల్ల పడినప్పుడు ఆ పొర నలిగి, తలకు తగిలే దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. వదులుగా ఉన్న హెల్మెట్ వెనక్కు జారితే నుదుటికి రక్షణ ఉండదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్ళీ వాడకూడదు.

పాపను దుకాణానికి తీసుకువెళ్ళి ఇలా చూడండి:
1. కనుబొమలకు కాస్త పైన, తల చుట్టూ టేపుతో కొలవండి. ఆ సెంటీమీటర్లకు తగిన సైజు అడగండి.
2. పిలక, పెద్ద క్లిప్పులు తీసి పెట్టండి. అంచు కనుబొమలకు రెండు వేళ్ళ పైన ఉండాలి.
3. పట్టీలు చెవి కింద కలవాలి. గడ్డం కింద ఒకటి, రెండు వేళ్ళకు మించి దూరకూడదు.
4. తల ఊపమనండి. హెల్మెట్ జారకూడదు.

గుర్తుంచుకోండి: సైకిల్ దిగగానే హెల్మెట్ తీయించండి. జారుడుబల్లో చెట్టో ఎక్కినప్పుడు హెల్మెట్ ఇరుక్కుంటే పట్టీ మెడకు బిగుసుకోవచ్చు. అందుకే ఐరోపాలోని ఈఎన్ 1080 ప్రమాణం ప్రకారం చేసిన పసిపిల్లల హెల్మెట్లకు, బలంగా లాగితే దానంతట అదే విడిపోయే పట్టీ ఉంటుంది. మామూలు హెల్మెట్లకు అది ఉండదు.

పాఠ్యగత ప్రశ్నలు
1. ఒక సైజు పెద్ద హెల్మెట్ ఎందుకు కొనకూడదు?
2. మీ ఇంట్లోని పిల్లల తల కొలిచి రాయండి: ______ సెం.మీ.